మామ వేసిన రోగి వేషం

నమ్రత అరచేతుల మధ్య జొన్నరొట్టె తడుతూ క్లాసు వింటోంది. పిండి డబ్బాకు ఆనించిన ఫోన్‌లో పుణె మేడమ్ మాట్లాడుతోంది. కుంఠా నాకా సందుల్లో తెల్లారేసరికే పవర్‌లూములు మొదలవుతాయి కనుక, ఆ చప్పుడులో మేడమ్ మాటలు సగమే చెవిన పడుతున్నాయి. అందుకు నమ్రతకు పెద్ద బెంగ లేదు. హోట్గి రోడ్‌లో ఒక ఆసుపత్రిలో ఆమె క్లినికల్ సైకాలజిస్ట్. రిజిస్ట్రేషన్ రెన్యూ కావాలంటే ఇలాంటి శిక్షణలకు హాజరై పాయింట్లు తెచ్చుకోవాలి. పాఠం ఎప్పుడో చదివేసిందే, పాయింట్లు వస్తే చాలునని ఆమె ధీమా.

ఆ రోజు పాఠం ప్రాణం తీసుకోవాలనుకునే మనుషులతో ఎలా మాట్లాడాలనేది. బాధలో ఉన్న మనిషి ఉన్నట్టుండి కుదుటపడితే హమ్మయ్య అనుకోకండి, అడగండి, అని మేడమ్ చెబుతున్నప్పుడు నమ్రత రొట్టె తిరగేస్తోంది. చివర చెప్పింది మాత్రం స్పష్టంగా వినబడింది. మధ్యాహ్నం క్లాసులో ఒక్కొక్కరూ ఆ ప్రశ్నలు అడిగి చూపించాలట. ఈలోగా ఇంట్లో ఎవరినైనా రోగిగా కూర్చోబెట్టి సాధన చేయాలట.

"చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు," అంది మేడమ్.

నడవాలో చాట ముందు పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తున్న అత్త బాలమణి చేతిలో కత్తెర ఆగింది. "పొద్దుగాల్నే ఏం మాటలమ్మా అవి? దీపం వెట్టిన ఇల్లు. బంద్ చెయ్ దాన్ని."

"క్లాసు అత్తమ్మా. ఎవరన్న నా ముంగట రోగి లెక్క కూసోవాలె. నువ్వు కూసుంటవా?"

"నాకేం రోగం? ఉగాచ్, ఉత్తగ నన్ను లాగకు."

నమ్రత భర్త ఋషికేశ్ చాయ్ తాగుతూ తల అడ్డంగా ఊపాడు. "నాక్కూడ టైమ్ లేదు. భంగార్‌వాడు టెంపో తెస్తుండు. మగ్గాలు ఎక్కిచ్చి ఆఫీసుకు పోవాలె."

పెరట్లో రేకుల షెడ్డులో రెండు మగ్గాలున్నాయి. మామ సిద్ధరాములు బతుకంతా వాటి మీదే గడిచింది. వానాకాలంలో ఆయన చేతులు వణకడం మొదలైంది. నేసిన తువ్వాళ్లు తప్పులతో తిరిగొచ్చాయి. ఋషికేశ్ కరెంటు తీయించి, ఇంక కూర్చొని తిను బాపూ అన్నాడు. మగ్గాలు తుక్కుకు అమ్మేద్దామన్నాడు. అప్పటినుంచి ముసలాయన ఇంటిల్లిపాదితో పోట్లాడాడు, తర్వాత మాట మానేశాడు, తిండీ సగం మానేశాడు. నెలల తరబడి ఇల్లు బిక్కుబిక్కుమంటూ గడిచింది.

కిందటి వారం మబ్బు విడిపోయింది. తుక్కు కొనే భంగార్‌వాణ్ణి పిలవమని ఆయనే చెప్పాడు. కడుపునిండా తింటున్నాడు. తన చేతి గడియారాన్ని పక్కింటి వినాయక్‌కు ఇచ్చేశాడు. మార్కండేయ రథం ఊరేగింపులో ఏటా తను పెట్టుకునే యముడి కిరీటాన్ని సంఘం కుర్రాళ్లకు అప్పజెప్పాడు. మనిషి దారిలో పడ్డాడని బాలమణి గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టింది. నమ్రతకూ గుండెల మీంచి బరువు దిగినట్టే అయింది.

"నేను కూసుంట బిడ్డా," అన్నాడు సిద్ధరాములు గుమ్మంలోంచి. స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని ఉన్నాడు. "యముని సోంగ్ ఏసినోన్ని, రోగి వేషం ఏయలేనా?"

ఋషికేశ్ నవ్వాడు. నమ్రత చేతులు కడుక్కుని స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నిద్ర పడుతున్నదా?"

"ముందు పట్టకపోతుండె. ఇప్పుడు మంచిగ పడుతున్నది."

"ఇప్పుడెట్ల పడుతున్నది?"

"తొవ్వ దొరికినంక నిద్ర పట్టదా?"

"బాపు యాక్టింగ్ ఇంక పోలె," అన్నాడు ఋషికేశ్, చెప్పులు వెతుక్కుంటూ.

నమ్రత పెదాల మీద ఇంకా నవ్వు ఉంది. ఆ నవ్వుతోనే అడిగేసింది. "మామా, చచ్చిపోవాలనిపిస్తున్నదా?"

ఊరేగింపులో తన వంతు రాకముందే గర్జించే యముడాయన. ఇప్పుడు మాత్రం సిద్ధరాములు తన చేతుల వంక చూసుకున్నాడు. అవి వణకడం లేదు.

"అనిపించుడు అయిపోయింది బిడ్డా. ఇప్పుడు ఖాయమైంది."

ఋషికేశ్ మళ్లీ నవ్వాడు. బాలమణి నవ్వలేదు. ఒళ్లో ఆకు కిందికి జారిపోతున్నా పట్టుకోలేదు.

"అందుకేనా దారాలు కోసినవు?" అంది.

పడుగు అయిపోయినా సాలెవాడు మగ్గం మీద దారాల కొసలు కోసెయ్యడు. రేపు కొత్త పడుగు వస్తే ఒక్కో కొసకు ఒక్కో పోగు అతుక్కోవాలి కదా. మగ్గం నెలలపాటు ఆగినా ఆ కొసలు అలాగే వేలాడుతుంటాయి.

"నేను షెడ్డు ఊడ్వపోయిన నాడు చూసిన," అంది బాలమణి. "ఒక్క కొస లేకుంట కోసిపెట్టినవు. అప్పటికింక భంగార్‌కు ఒప్పుకోనే లేదు నువ్వు. మగ్గాలు అమ్మనియ్యనని మాట బంద్ వెట్టి కూసున్నవు. నోట్ల కెల్లి ఆ మాట వస్తే యాడ నిజమైతదోనని నేను అడగలె."

నమ్రతకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గడియారం, కిరీటం, కడుపునిండా తిండి, ఉతికిన ధోవతి. ఆసుపత్రిలో ఎవరైనా ఇవే చెబితే ఈపాటికి ఆమె కుర్చీలోంచి లేచి ఉండేది. సొంత ఇంట్లో అదే చూసి సంతోషించింది. సిగ్గుతో ఆమె కళ్లు మండాయి.

"చాలిగ, ఆపుండ్రి," ఋషికేశ్ గొంతు పెంచాడు. "నీ సర్టిఫికెట్ కోసం మా బాపును పిచ్చోన్ని చేస్తున్నవా? అమ్మా, నువ్వు గూడ ఏంది?"

నమ్రత ఫోన్ ఆపేసి బోర్లా పెట్టింది. "ఇది క్లాసు కాదు ఋషీ, కూసో." తర్వాత మామ వైపు తిరిగి, స్టూలు మీంచి దిగి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "మామా, వేషం తీసెయ్. నేను గూడ తీసేసిన. కోడలు అడుగుతున్నది. ఎప్పుడు అనుకున్నవు?"

సందులో టెంపో ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"అది పోయినంక," అన్నాడు సిద్ధరాములు మామూలుగా. "షెడ్డు ఖాళీ అయితది. మీరు పనులకు పోతరు. మీ అత్త బీడీలు అప్పజెప్ప పోతది."

మళ్లీ హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు. ఋషికేశ్ చేతిలో చెప్పు ఉంది, అది వేసుకోవాలో పడెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. తర్వాత ఉత్తకాళ్లతోనే బయటికెళ్లి టెంపోను పంపేసి వచ్చాడు. వచ్చి తండ్రి ముందు కూలబడ్డాడు.

"బాపూ, నీ చేతులకు ఆరాం ఇద్దామనుకున్న. గంతే."

"కూసొని తిను అన్నవు కొడకా. కూసొని తినేటోడు ఇంట్ల ఎందుకు?" అన్నాడు సిద్ధరాములు. "రొట్టె ఎట్లుంది, కూర ఎట్లుంది అని రోజు అడిగిండ్రు. నీకెట్లుంది అని ఒక్కరు అడగలె. ఇయ్యాల ఈ పిల్ల అడిగితె, ఆట అనుకొనే నోరు తెరిచిన."

అప్పటిదాకా కదలని ఆయన చేతులు మోకాళ్ల మీద దడదడా కొట్టుకున్నాయి. ఋషికేశ్ రెండూ పట్టుకుని మొహానికి ఆనించుకుని ఏడ్చాడు. "ఇప్పుడు అడుగుతున్న బాపూ. చెప్పు నాకు. ఎంతసేపైన చెప్పు," అన్నాడు.

ఆయన చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఆగుతూ చెప్పాడు. నమ్రత అడ్డురాలేదు. అంతా అయ్యాక, షెడ్డు తాళంచెవి ఇవ్వమంది. ఆయన కాసేపు తటపటాయించి, మొలతాడుకు కట్టుకున్నది విప్పి బాలమణి చేతిలో పెట్టాడు. బాలమణి దాన్ని కొంగున ముడేసింది.

"నేను నీ కోడల్ని మామా, నీకు డాక్టర్‌ను కాలేను. మా ఆసుపత్రిల పెద్ద సారున్నడు. ఇప్పుడే పోదాం, అందరం. నిన్ను ఒక్కన్ని ఇడిచిపెట్టం."

"మరి నీ మధ్యాహ్నం క్లాసు? నీ పాయింట్లు పోతయి గద?"

"పోనీ. మల్ల కూసుంట."

ఆటోలో ఆయన మధ్యలో కూర్చున్నాడు. కొంతం చౌక్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూడా బాలమణి ఆయన మణికట్టు వదల్లేదు.

మందులు మొదలయ్యాయి. మంచి రోజులూ వస్తున్నాయి, భయపెట్టే రోజులూ వస్తున్నాయి. షెడ్డు తాళం బాలమణి కొంగునే ఉంది. అదే శిక్షణ మళ్లీ మొదలైనప్పుడు నమ్రత కొత్తగా పేరు రాయించుకుంది. ఈసారి రొట్టెల పని ఋషికేశ్‌ది. అవి ఏ ఆకారంలో వచ్చినా అందరూ తింటున్నారు. నమ్రత తలుపు పక్కన కూర్చుని మేడమ్ మాట ఒక్కటీ పోకుండా వింటోంది.

నడవాలో బాలమణి కత్తెర పక్కన పెట్టింది. ఆ మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వని మనిషి, ఇప్పుడు చాయ్ ఇచ్చినంత మామూలుగా రోజూ అడుగుతోంది.

"ఇయ్యాల వచ్చిందా ఆ ఆలోచన?"

సిద్ధరాములు గ్లాసు కింద పెట్టాడు. "తెల్లారంగ వచ్చింది. కొద్దిగ."

బాలమణి చాట పక్కకు జరిపి ఆయనకు దగ్గరగా వచ్చి కూర్చుంది.

"చెప్పు," అంది.