ఇటునుంచి వెళ్తేనే ఆపే దెయ్యం

బాపట్ల దాటి నిజాంపట్నం వైపు వెళ్తుంటే కాలవ మీద పాత లాకులు వస్తాయి. లాకులన్నది ఇప్పుడు పేరుకే. తలుపులు తుప్పుపట్టాయి, పక్కనున్న క్వార్టర్సుకి పైకప్పు ఎగిరిపోయింది. పొద్దు గూకాక అక్కడ దెయ్యం బళ్ళని ఆపుతుందని చుట్టుపక్కల నాలుగూళ్ళ మాట.

అలా అని దారిన పోయే ప్రతివాణ్ణీ పట్టుకునే దెయ్యం కాదది. దానికి పట్టింపులు ఎక్కువ. కార్ల జోలికి పోదు. ఆటోల్ని, రొయ్యల లారీల్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. కొత్త మోటారు సైకిళ్ళని అసలు మనుషుల్లో జమకట్టదు. డుగ్గు డుగ్గుమంటూ వచ్చే ముసలి బండి కనబడిందా... అక్కడికక్కడే ఊపిరి తీసేస్తుంది. అదీ బాపట్ల నుంచి వెళ్తేనే. అటు నిజాంపట్నం నుంచి వచ్చేవాళ్ళని ఇంతవరకూ పల్లెత్తు మాట అనలేదు.

ఈ సంగతి నాకు రేపల్లె దేవసహాయం మాస్టారు చెప్పారు. విన్నది విన్నట్టే చెబుతున్నాను. ఎక్కడైనా కారం ఎక్కువైతే ఆ వంట ఆయనది.

పోయిన ఫిబ్రవరిలో ఆ లాకులకి కిలోమీటరు ఇవతల, సరుగుడు తోటలో పాత బళ్ళ షో పెట్టారు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా టెంట్లలోనే మకాం. మాస్టారి క్లబ్బు పేరు 'డెల్టా డుగ్‌డుగ్స్'. తొమ్మిది మంది. అందరూ నలభై దాటినవాళ్ళే. అందరికీ నల్ల తోలు జాకెట్లు, ఆ జాకెట్ల జేబుల్లో బీపీ మాత్రలు.

వాళ్ళలో తెనాలి కృపారావు ఒకడు. ఆఫీసులో గుమాస్తా, బయట రౌడీ అనుకుంటాడు పాపం. మూడేళ్ళ కిందట పాత ఇనప కొట్లో దొరికిన బండిని తెచ్చి, బోల్టు బోల్టూ విప్పి, రుద్ది, బిగించి, మెరూన్ రంగు ట్యాంకు మీద బంగారు గీత గీయించాడు. ఆ గీత మీద ఈగ వాలినా ఊరుకోడు.

అదంతా ఆదివారాల్లోనే జరిగింది. ఆ ఆదివారాలన్నీ ఆయన భార్య ప్రశాంతి చర్చిలో ఒక్కతే కూర్చుంది. హైస్కూల్లో సైన్సు టీచరు, నెమ్మది మనిషి. అడిగినవాళ్ళకి "ఆయనకి ఒంట్లో బాగోలేదండి" అని చెప్పీ చెప్పీ ఆవిడకి విసుగొచ్చింది. ఈసారి షోకి తనూ వస్తానంది, ఒక్క షరతు మీద.

"ఈ మూడు రోజుల్లో దారిలో బండి ఒక్కసారి ఆగినా, షోలోనే అమ్మేసి రావాలి. ఆగకపోతే ఇంకెప్పుడూ దాని ఊసెత్తను."

పేరాల నుంచి మోహనకృష్ణ అనే ఆయన అప్పటికే ఆ బండి చుట్టూ పెళ్ళిచూపులకొచ్చినట్టు తిరుగుతున్నాడు. కృపారావు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాడు. తెనాలి నుంచి అరవై కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వచ్చింది. శనివారం సాయంత్రం దాకా గండం గడిచింది.

ఆ రాత్రి చేపల పులుసు తింటూ మాస్టారు లాకుల దెయ్యం సంగతి ఎత్తారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది కృపారావే. ప్రశాంతి నవ్వలేదు. ముళ్ళు ఏరుకుంటూ శ్రద్ధగా వింది.

తొమ్మిదిన్నరకి దోమలు దిగాయి. తొమ్మిది మంది వీరుల్లో ఒక్కడు కూడా దోమల కాయిల్స్ తేలేదు. కొట్టు లాకుల అవతల ఊళ్ళో ఉంది. కృపారావు బండి స్టార్ట్ చేసి, కాసేపు వేడెక్కనిచ్చి, ఈలోగా టెంట్లో మర్చిపోయిన కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ప్రశాంతి తనూ వస్తానని వెనక ఎక్కింది.

రోడ్డు మీద పురుగు లేదు. చల్లగాలి... కాలవ నీళ్ళ వాసన... బండి చక్కగా పాడుకుంటూ పోతోంది.

లాకులు కనబడ్డాయి.

డుగ్గు డుగ్గు కాస్తా పలచబడింది. ఒక దగ్గు. ఇంకో దగ్గు... అంతే. లైటు కూడా పోయింది.

చీకటి. కప్పలు సైతం నోరు మూసుకున్నాయి.

"ఆగిందా?" అంది ప్రశాంతి మెల్లిగా.

కృపారావు గుండె జారిపోయింది. దెయ్యం గుర్తొచ్చి కాదు, మోహనకృష్ణ గుర్తొచ్చి. కిక్కు కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. పన్నెండు కొట్టాక, గొంతు బాగా తగ్గించి అన్నాడు -

"ఆగలేదు. ఆపారు."

"ఎవరు?"

"చెప్పారుగా మాస్టారు. ఇందులో బండి తప్పేం లేదు ప్రశాంతీ. దెయ్యం ఆపితే షరతు కిందకి రాదు."

గంట కిందట పొట్ట పట్టుకుని నవ్విన మనిషి, ఇప్పుడు లాకుల చరిత్రంతా ఎత్తుకున్నాడు. ఎవరెవరి బళ్ళు ఆగాయో ఊరూ పేరుతో చెప్పాడు. తెలియనిచోట కల్పించాడు. చెప్పగా చెప్పగా ఆయనకే నమ్మకం కుదిరి, చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

సరిగ్గా అప్పుడే క్వార్టర్సులో ఎవరో దగ్గారు.

మొండిగోడల మధ్య నుంచి తెల్లటిదేదో లేచింది. నిలువెత్తు. తల లేదు... మొహం లేదు... మెల్లిగా రోడ్డు మీదకి వస్తోంది.

దభాలున పెద్ద చప్పుడు.

పడింది బండి. స్టాండు వేయకుండానే కృపారావు దాన్ని వదిలేశాడు. పడుకునే ముందు దుప్పటి కప్పే బండిని, ఈగని వాలనివ్వని బండిని, చెత్తబుట్టలా తోసేసి ప్రశాంతిని వెనక్కి లాగాడు. రెండు చేతులూ చాపి ఆవిడకి అడ్డంగా నిలబడ్డాడు. పక్కకి జరగలేదు. ప్రభువు ప్రార్థన అందుకున్నాడు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. మూడేళ్ళ ఆదివారాల ఫలితం. వెనక నుంచి ప్రశాంతి అందించింది.

"దోమలండి..." అంది ఆ తెల్లటిది, దుప్పటి తల మీద నుంచి తీస్తూ. "నిండా కప్పుకోకపోతే పీకేత్తన్నాయి. రొయ్యల చెరువు కాపలా అండి. కోటయ్యంటారు. అదేంటి సార్, బంగారంలాంటి బండిని అట్టా పడేశారు?"

కోటయ్య బండిని లేపి, ట్యాంకు కింద చెయ్యి పెట్టి ఏదో తిప్పాడు.

"పెట్రోలు ట్యాప్ కట్టేసుందండి. పాత బళ్ళోళ్ళందరిదీ ఇదే గోల. తోట కాడ టీ బడ్డీ దగ్గర ఆగి ట్యాప్ కట్టేత్తారు, తిప్పడం మర్చిపోయి బయల్దేరతారు. గొట్టంలో మిగిలిన పెట్రోలు సరిగ్గా ఇక్కడిదాకే వత్తదండి. దెయ్యం లేదు, గాడిద గుడ్డూ లేదు. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే పడుకుంటన్నా."

ప్రశాంతి ఫోను లైటు వేసింది. ట్యాంకు సొట్టపోయింది. బంగారు గీత సగం చెక్కుకుపోయింది. కృపారావు ఇంకా అటు చూడనేలేదు. "నీకేం తగల్లేదు కదా?" అని ఆవిడ మోచెయ్యే తడుముతున్నాడు.

ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లైటు ట్యాంకు మీదే ఉండటంతో ఎవరికీ కనబడలేదు.

కాస్త తేరుకున్నాక కృపారావుకి గుర్తొచ్చింది.

"నేను ట్యాప్ తిప్పానయ్యా. తిప్పాకే కిక్కు కొట్టాను. ఒట్టు."

"తిప్పితే మరెవరు కట్టారండి?"

మగాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాలవలో ఏదో బుడుంగుమంది. కోటయ్య ఒకసారి క్వార్టర్సు వైపు చూశాడు... మళ్ళీ ట్యాప్ వైపు చూశాడు... వెళ్ళి చాప చుట్టుకొచ్చాడు.

"మా చెల్లెలి ఇల్లు ఈ పక్కనేనండి," అని చక్కా పోయాడు. మళ్ళీ అక్కడ పడుకోలేదట.

బండి ఒక్క కిక్కుకే అందుకుంది. లాకులు దాటి అర కిలోమీటరు పోయారు. అప్పుడు ప్రశాంతి ముందుకి వంగి ఆయన చెవిలో అంది -

"ట్యాప్ కట్టింది నేనేనండి. మీరు కళ్ళజోడు కోసం వెళ్ళినప్పుడు."

కృపారావు బ్రేకు తొక్కబోయి మానుకున్నాడు.

"ఇటునుంచి వెళ్తేనే ఆగుతుందని మాస్టారు చెబుతుంటేనే నాకు సంగతి అర్థమైంది. ఇటు తోట దగ్గర టీకి ఆగి మీవాళ్ళు ట్యాప్ కట్టడం చూశానుగా. సైన్సు టీచర్ని కదా."

"మరి... బండి అమ్మేయాలా?"

ఆవిడ వెనక నుంచి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"వచ్చే ఆదివారం చర్చికి దీని మీదే తీసుకెళ్ళండి. ట్యాప్ మాత్రం నేనే తిప్పుతా."