అప్ యారో, ఎంటర్

ఫోల్డర్ మంగళవారం పోయింది. మనిషి బుధవారం పోయాడు.

ఫోల్డర్ కోసం కంపెనీ ఇద్దరు ఇంజనీర్లను కూర్చోబెట్టి వెతికించింది. మనిషి కోసం ఎవరూ వెతకలేదు.

శుక్రవారం ఉదయం ఫిర్యాదు సబ్ ఇన్‌స్పెక్టర్ కౌసల్య టేబుల్ మీదికి వచ్చింది. మొదటి మూడు పేరాలూ ఫోల్డర్ గురించే. మనిషి పేరు నాలుగో పేరాలో ఉంది. శ్రీశైలం, కాంట్రాక్టు ఆపరేటర్, డేటా చెరిపేసి పరారీలో ఉన్నాడు, కఠిన చర్య తీసుకోగలరు.

"ఇతని కోసం మిస్సింగ్ కేసు ఎవరూ పెట్టలేదా?" కౌసల్య అడిగింది.

"పెట్టనీకి ఎవరున్నరు మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ జంగయ్య. "నా అన్నోడు ఒక్కడు లేడు. ఫోన్ సుత బంద్. మొన్నటిసంది ఎవరికీ కనబడలేదంట."

కౌసల్యకు ఆ మాట నచ్చలేదు. పారిపోయినవాడు ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. ఒంటరిగా ఉండి, దొంగ అనిపించుకుని, ఫోన్ ఆపేసినవాడి సంగతి వేరు.

"జల్దీ పోదాం పాండ్రి," అని లేచింది.

పటాన్‌చెరు దాటి లక్డారం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంది ఆ కంపెనీ. మందుల ముడిసరుకు తయారుచేస్తారు. గేటు దగ్గరే ముక్కులు మండాయి. జంగయ్య తువ్వాలు కట్టుకున్నాడు. కౌసల్య పోలీసు హోదా కొద్దీ ఓర్చుకుంది.

ప్రొడక్షన్ మేనేజర్ నవీన్‌కుమార్ కంట్రోల్ రూమ్‌లో ఎదురొచ్చాడు. మనిషికి కాలం ఆదా చేయడమంటే పిచ్చి. సగం మాట మింగేసి మాట్లాడతాడు. కంప్యూటర్లన్నీ విండోస్ నుంచి లినక్స్‌కు మార్చినప్పుడు ఆపరేటర్లకు షార్ట్‌కట్లు నేర్పించింది తానేనని కుర్చీ చూపించకముందే చెప్పేశాడు.

"ఇందుల ఎంక్వైరీ చేసేదేం లేదు మేడమ్. కెమెరా ఉంది, కమాండ్ ఉంది."

"ఏం పోయిందో చెప్పండి ముందు."

పోయింది ఒక బ్యాచ్ రీడింగులు. మంగళవారం ఉదయం షిఫ్టులో, కొత్త కస్టమర్ కోసం మొదటిసారి తీసిన బ్యాచ్ అది. రియాక్టర్ ఎంత వేడెక్కింది, ప్రెషర్ ఎంత ఉంది, అన్నీ నిమిషం నిమిషానికి ఒక ఫోల్డర్‌లో చేరతాయి. ఆ రీడింగులు లేకపోతే ఆ సరుకును ఎవరూ ముట్టుకోరు. డ్రమ్ములతో సహా పారబోయాల్సిందే.

"కాపీ ఉండదా?"

"షిఫ్ట్ అయిపోంగనే ఆపరేటర్ రిపోర్ట్ కమాండ్ ఇస్తడు. గప్పుడే ఆఫీసుకు కాపీ వస్తది. శ్రీశైలం రిపోర్ట్‌కు బదులు డిలీట్ ఇచ్చిండు."

"ఎందుకు?"

"పర్మనెంట్ పోస్ట్ ఒక్కటుంది. శ్రీశైలం, మల్లేష్ ఇద్దరూ లైన్‌ల ఉన్నరు. తనకు రాదనుకున్నడేమో, కసి తీర్చుకున్నడు."

కెమెరా దృశ్యం చూపించాడు. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు. సన్నటి కుర్రవాడు కుర్చీలోంచి లేచాడు. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకున్నాడు. నిలబడే రెండు మీటలు నొక్కి వెళ్ళిపోయాడు.

కౌసల్య దాన్ని మళ్ళీ వేయించి చూసింది.

"ఇప్పుడు కమాండ్ చూపించండి."

నల్లటి తెర మీద పాత కమాండ్లు వరసగా వచ్చాయి. మంగళవారం నాటి వరసను ఇంజనీర్లు అప్పుడే కాపీ తీసి, కంప్యూటర్‌లోంచి ఆ డిలీట్‌ను తీసేశారు. అందరికీ ఒకటే లాగిన్. ఎవరు కొట్టినా ఒకే వరసలో చేరుతుంది. పక్కన పేరు పడదు, టైమూ పడదు. అన్నిటికంటే కింద ఉంది ఆ కమాండ్. ఆర్ఎం, మైనస్ ఆర్ఎఫ్, ఆ తర్వాత బ్యాచ్ ఫోల్డర్ పేరు, బారెడు పొడవు. లినక్స్ తెలిసినవాళ్ళు ఇది కొట్టేముందు ఒకసారి ఊపిరి బిగబడతారు. ఇది "చెరపమంటారా" అని కూడా అడగదు.

దాని పైన అదే కమాండ్ ఇంకోసారి ఉంది. ఆ పైన మాత్రం అన్నీ రిపోర్ట్, రిపోర్ట్, రిపోర్ట్.

"రెండుసార్లు ఉంది," అంది కౌసల్య.

"పక్కాగ పోవాలని రెండుసార్లు కొట్టిండు," అన్నాడు నవీన్‌కుమార్. అతనికి అప్పటికే ఇంకో మీటింగు ఉంది.

కౌసల్య సోమవారం సాయంత్రం నుంచి మంగళవారం దాకా మొత్తం రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకుంది. "రెండింటి దాక ఇక్కడనే కూసుంట," అంది. జంగయ్య నిట్టూర్చి, క్యాంటీన్ ఎటువైపో కనుక్కోవడానికి వెళ్ళాడు.

రెండు కాగానే కింద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. షిఫ్టు దిగే ఆపరేటర్ పవన్ లేచాడు. చూపు కిటికీలోంచి బస్సు మీదే ఉంది. చెయ్యి దానంతట అదే కీబోర్డు మీదికి పోయింది. రెండు మీటలు నొక్కాడు.

"ఏం నొక్కినవ్?"

"అప్ యారో, ఎంటర్. రిపోర్ట్ మేడమ్. కిందటి కమాండ్ మళ్ల వస్తది గదా."

"స్క్రీన్ చూసినవా?"

"సూసుడెందుకు? ఎప్పుడూ గదే ఉంటది. మేడమ్, బస్సు పోతది..."

"పో."

వాడు రెండేసి మెట్లు దిగాడు. ఆ బస్సు తప్పితే హైవే దాకా నడవాలి. అందుకని ఈ కంపెనీలో షిఫ్టు దిగేవాడు ఎవడూ తెర వైపు చూడడు. మేనేజర్ మిగిల్చిన సెకన్లన్నీ ఆ బస్సు కిందే పోతున్నాయి.

గేటు దగ్గర ఒక యువకుడు బైకు పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మల్లేష్ అట. నైట్ డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చాడు.

"శ్రీశైలం దొరికిండా మేడమ్?"

"దొరకలే. నీకు దోస్తా?"

"నాకు తప్ప వానికి ఎవరున్నరు? ఈ కంప్యూటర్ పనంతా నేనే నేర్పిన."

"ఏం నేర్పినవ్?"

మల్లేష్ ముఖం కొంచెం వెలిగింది. "మొత్తం టైప్ చేసేటోడు పిచ్చోడు మేడమ్. మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కాలె. మిగిలింది అదే నింపుకుంటది. కంట్రోల్ ఆర్ కొడితే పాత కమాండ్ దొరుకుతది. వేళ్లు అరగగొట్టుకునుడెందుకు?"

"సోమారం నైట్ నువ్వేనా డ్యూటీ?"

"అవు. పొద్దుగాల వానికి చార్జ్ ఇచ్చి, ఇద్దరం చాయ్ తాగి పోయిన."

శ్రీశైలం కిరాయి గది లక్డారంలో ఉంది. ఇంటావిడ శివమ్మ తాళం తీసింది.

"ఉన్నడో లేడో తెలవకుండ ఉంటడమ్మా," అంది. "మాట లేదు, పలుకు లేదు. నెల కాంగనే కిరాయి ఇస్తడు. మొన్న పొద్దుగాల సంచి పట్టుకొని పోయిండు."

"ఎక్కడికో అడగలేదా?"

"ఎన్నడూ అడగలే," అని శివమ్మ తల దించుకుంది. "శుక్రారం శుక్రారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి కాడికి పోతుండె. అంతకంటె నాకు తెల్వదు."

గదిలో చాప, స్టవ్వు, ఒక పాత లాప్‌టాప్. అదీ లినక్సే. కౌసల్య తెరిచింది. శ్రీశైలం తన కోసం చిన్న చిన్న షార్ట్‌కట్లు కట్టుకున్నాడు. పెద్ద కమాండ్‌కు బదులు ఒక్క అక్షరం. ఏది ఏమిటో చూద్దామని ఆమె 'టి' కొట్టి ఎంటర్ నొక్కింది.

"తిన్నవా శ్రీశైలం?" అని తెర మీద వచ్చింది.

జంగయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కౌసల్య లాప్‌టాప్ మూసింది. పోతిరెడ్డిపల్లిలో తన ఫ్లాటు తాళం తీసినప్పుడు ఆమెనూ అలా అడిగేవారెవరూ లేరు.

"ఈ రోజు శుక్రవారమే," అంది. "బండి తీయండి."

ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడి వెనక, వంట షెడ్డులో, నలుగురు ఆడవాళ్ళ పక్కన కూర్చుని ఒక కుర్రవాడు సొరకాయలు తరుగుతున్నాడు. కెమెరాలో చూసిన మనిషే. కౌసల్యకు ముందు ప్రాణం కుదుటపడింది. కోపం ఆ తర్వాత వచ్చింది.

పోలీసులను చూసి శ్రీశైలం కత్తిపీట పక్కకు జరిపి లేచాడు. పారిపోలేదు.

"మంగళారం ఏమైంది?"

"నా వేలే నొక్కింది మేడమ్."

"ఏం నొక్కినవ్?"

"రోజు నొక్కేదే."

"రిపోర్ట్ పోతదనుకున్నవ్."

"అవు."

"మరి డిలీట్ ఎక్కడికెల్లి వచ్చింది?"

శ్రీశైలం చేతికంటిన సొరకాయ గింజలు దులుపుకున్నాడు.

"ఎవరి పనో తెలిసి కూడ ఎందుకు ఉరికొచ్చినవ్? సార్‌కు చెప్తే అయిపోవు గదా."

"చెప్తే ఇంకొకని పేరు చెప్పాలె మేడమ్," అన్నాడు. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పలేదు.

శనివారం ఉదయం పది గంటలకు కంట్రోల్ రూమ్‌లో నలుగురు కూర్చున్నారు. నవీన్‌కుమార్, మల్లేష్, శ్రీశైలం, తలుపు దగ్గర జంగయ్య. కౌసల్య నిలబడే ఉంది.

"సార్, ఆ డిలీట్ కమాండ్ ఒకసారి టైప్ చేయండి. ఎంటర్ మాత్రం కొట్టొద్దు."

నవీన్‌కుమార్ కొట్టాడు. చాలాసేపే పట్టింది.

"మంగళవారం శ్రీశైలం ఎన్ని మీటలు నొక్కిండు?"

"రెండు..." అని ఆగిపోయాడు మేనేజర్.

"రెండు మీటలతో అంత పొడుగు కమాండ్ రాదు. అతను టైప్ చేయలేదు, కిందటిది పైకి పిలిచిండు అంతే. రిపోర్ట్ ఉండాల్సిన చోట డిలీట్ ఉంది. మీరు రెండుసార్లు కొట్టిండు అన్నరు. కెమెరాల ఎంటర్ కొట్టింది ఒక్కసారే. మరి పైన ఉన్నది ఎవరు కొట్టిన్రు?"

కౌసల్య పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు పెట్టింది.

"శ్రీశైలం షిఫ్ట్‌ల ఎవరూ కొట్టలేదు. రికార్డింగ్ మొత్తం చూసిన. కొట్టింది అంతకు ముందు షిఫ్ట్‌ల, పొద్దున ఆరింటికి ముందు."

"అప్పటికి ఆ ఫోల్డర్ లేనే లేదు మేడమ్," అన్నాడు నవీన్‌కుమార్. "బ్యాచ్ మొదలుపెట్టిందే ఆరు దాటినంక."

"అదే నేను చెప్తున్న. చెరపనీకి ఏం లేదు గనక కంప్యూటర్ ఏమీ అనకుండ ఊకుంది. కమాండ్ మాత్రం వరసల కూసుంది. శ్రీశైలం అదే ఫోల్డర్‌ల షిఫ్ట్ అంతా రీడింగులు నింపి, బస్సు హారన్ వినంగనే అప్ యారో, ఎంటర్ అన్నడు."

మల్లేష్ నవ్వడానికి చూశాడు. "నిద్ర మత్తుల పొరపాటున కొట్టిన్నేమో మేడమ్. రాత్రంతా మేలుకొని..."

"మత్తుల కొట్టేటోడు ట్యాబ్ నొక్కుతడు. నువ్వే చెప్పినవ్." కౌసల్య తెర మీద రికార్డింగు వేసింది. "కానీ ట్యాబ్ ఉన్న పేరునే నింపుతది. ఇంకా పుట్టని ఫోల్డర్ పేరు నింపదు. అందుకని నువ్వు చూసి రాసినవ్."

తెర మీద మల్లేష్ తల ఎత్తి గోడ మీది బోర్డు చూశాడు. ఫోల్డర్ పేరుగా పెట్టే మర్నాటి బ్యాచ్ నంబరు ముందురోజు సాయంత్రమే దాని మీద రాస్తారు. కొన్ని అక్షరాలు కొట్టాడు. మళ్ళీ తల ఎత్తాడు. మళ్ళీ కొట్టాడు. మొత్తం టైప్ చేసేవాడు పిచ్చోడన్న మనిషి, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టాడు. ఆ తర్వాత శ్రీశైలం గదిలోకి వచ్చాడు. మల్లేష్ లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

మల్లేష్ తెర చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

"పర్మనెంట్ అయితెనే పిల్లనిస్తమన్నరు మేడమ్," అన్నాడు. "వీణ్ణి పనికెల్లి తీసేస్తరు, అంతే అనుకున్న. వీనికేం, ఒక్కడే గదా, ఎక్కడైన బతుకుతడు అనుకున్న. పోలీసుల దాక పోతదనుకోలే."

శ్రీశైలం మొదటిసారి అతని వైపు చూశాడు.

"అడిగితే నేనే తప్పుకుందు గదరా," అన్నాడు.

మల్లేష్ ఏడ్చాడు. జంగయ్య అతన్ని మెల్లగా లేపి కిందికి తీసుకుపోయాడు. నవీన్‌కుమార్ గొంతు సవరించుకుని, సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నాడు. పర్మనెంట్ ఆర్డరు కూడా అదే రోజు ఇస్తామన్నాడు. అదంతా ఒక్క గుక్కలో చెప్పేసి మీటింగుకు వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. కౌసల్య స్టేట్‌మెంట్ కాగితం ముందుకు జరిపింది.

"ఇక్కడ సంతకం పెట్టు. నీ మీద మచ్చ లేదు ఇగ. ఎవరికన్న ఫోన్ చేసి చెప్పుకో, సంతోషపడతరు."

శ్రీశైలం జేబులోంచి ఫోన్ తీసి ఆన్ చేశాడు. అది వెలిగేదాకా ఆగాడు. పేర్ల దగ్గరికి వెళ్ళి, పైకి కిందికి జరిపి, చివరికి ఒక చోట ఆపేశాడు.

"ఇసొంటియి ఏమైనా నేను చెప్పేది మల్లేష్‌గానికే మేడమ్," అన్నాడు. "వాణ్ణి మీరు పట్కపోతున్రు. నేను బయటపడ్డ అని ఇప్పుడు ఎవరికి చెప్పాలె?"

కౌసల్య అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు చెప్పు," అంది.