లేడు వచ్చాడు

మీరేం చూశారో ముందు చెప్పండి. పక్క వాటాలోనే ఉన్నారు కదా. ప్రతి శనివారం నాలుగింటికి ఒక మనిషి మూడో అంతస్తుకు మెట్లెక్కి, తలుపు కొట్టి, అరగంట నిలబడి దిగిపోయేవాడు. చూశారా లేదా? చూశారు. రెండేళ్లు తిరిగి తిరిగి, విసిగి, చివరికి రావడం మానుకోవడమూ చూశారు. మనకెందుకులే అని తలుపు వేసుకున్నారు.

ఆ తలుపు వెనక ఉన్నది బట్టలు కుట్టుకు బతికే ఆడమనిషి. భర్తతో విడిపోయింది. విడిపోవడం తప్పని నేననను. పొసగలేదు, అంతే. కానీ శనివారాలు తండ్రి పాపని చూడొచ్చని కోర్టు చెప్పింది. ఈవిడ గుమ్మంలో నిలబడి అతనితో "పాప లేదు" అనేది. లోపలికొచ్చి, నాన్నేడని అడిగే నాలుగేళ్ల పిల్లతో "నాన్న లేడు" అనేది. ఊళ్లో లేడనా, అసలే లేడనా? విడమరిచి చెప్పలేదు. పొద్దస్తమానం మిషను తొక్కి అలిసిపోయిన మనిషి. ఒక్క మాటతో పని జరిగిపోతోంది కదా అనుకుంది.

పిల్ల ఆ మాటని పేరనుకుంది.

ఈ సంగతి తల్లికి తెలిసింది పాపకి ఆరేళ్లు నిండాక, ఒక వాన సాయంత్రం. కరెంటు లేదు. ఇల్లంతా ఆరని గుడ్డల ముక్కిన వాసన, మిషను నూనె వాసన. లోపలి గదిలో పిల్ల గుసగుసలాడుతోంది.

"ఎవరితోనే ఆ కబుర్లు?"

"లేడుతో."

"లేడేమిటే?"

"నువ్వే చెప్పావుగా, నాన్న లేడు అని. రోజూ వస్తాడు. మిషను చప్పుడులో నీకు వినపడదు."

పిల్లకి మాటలెక్కువయ్యాయని తల్లి నవ్వేసింది. మర్నాటి నుంచి మాత్రం చెవి అటే వేసి కూర్చుంది. పిల్ల ఏదో అడుగుతుంది. కాసేపు ఆగుతుంది. తర్వాత "అలాగే" అంటుంది. ఆ ఆగిన కాసేపట్లో... ఎవరో గొంతు సవరించుకున్నట్టు. భర్త అలాగే సవరించుకునేవాడు.

నాలుగో రోజు పిల్ల జడ వేయించుకోవడానికి రాలేదు. వెళ్లి చూస్తే అప్పటికే వేసి ఉంది. వదులుగా, వంకరగా, చేతకాని మగవాడు వేసినట్టు.

ఇక ఆమె వల్ల కాలేదు. తనే భర్తకి ఫోన్ చేసింది. "ఒకసారి రా. నువ్వున్నావని దానికి తెలియాలి."

శనివారం నాలుగింటికి వచ్చాడు. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మనిషి, లిఫ్టు లేని ఆ ఇంటికి మెట్లెక్కి వగరుస్తున్నాడు.

"నువ్వు పిలిచావంటే నమ్మలేదు. నీ గొంతుతో ఇంకెవరో మాట్లాడారనుకున్నా."

"ఎత్తిపొడుపులు తర్వాత. లోపలికి రా."

"ఆ మాటకి రెండేళ్లు పట్టింది."

గుమ్మం దాటి గొంతుక్కూర్చుని పిలిచాడు. "పిచ్చుకా... నేనమ్మా."

పిల్ల వచ్చింది. అతని ముఖంలోకి చూసింది. గుర్తుపట్టలేదు. ఏడవనూ లేదు. తల్లిని కిందికి వంచి చెవిలో చెప్పింది.

"అమ్మా, ఈయన్ని పంపించెయ్. నాన్న లోపలున్నాడు. కోప్పడతాడు."

అతను చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పిల్ల తిరిగి గదిలోకి నడిచింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ఆ తలుపుకి లోపల గడియ లేదు. ఉన్నది బయట. శనివారాల కోసం ఆమే పెట్టించింది.

ఇద్దరూ తలుపు మీద పడ్డారు. విడిపోయాక ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

"నా దగ్గరికి రా తల్లీ."

"ముందు నా దగ్గరికి రావే."

అప్పుడూ అదే వరస.

తలుపు కదల్లేదు. కొట్టీ కొట్టీ చేతులు పడిపోయి ఆగారు. అప్పుడు వినిపించింది. లోపలి నుంచి... మెల్లగా... అచ్చం అతని గొంతు. అతనేమో ఇవతల, ఆమె పక్కనే, పెదవి కదపకుండా నిలబడి ఉన్నాడు.

"నీకేం కావాలి పిచ్చుకా?"

ఆ మాట తల్లి అడగలేదు. తండ్రీ అడగలేదు. కోర్టువాళ్లు కాగితాలు చూశారు గానీ పిల్లని చూడలేదు. ఇన్నాళ్లూ గోడకి ఇవతల మీరున్నారు. మీరడిగారా?