ఏకాగ్రిణికి అడ్డొచ్చిన మనిషి

భీమిలి తీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, సముద్రం మీద నిలబెట్టిన ఆ కార్యాలయంలో నలభై రెండు మంది పనిచేస్తారు. అలల నుంచి విద్యుత్తు తీసే యంత్రాలకు నమూనాలు గీయడం వాళ్ళ పని. 2071 వచ్చేసరికి అక్కడ చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. వినే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

దాదాపు అందరి చెవుల వెనకా చింతగింజంత బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని పేరు ఏకాగ్రిణి. డాక్టర్ హైమవతి పదకొండేళ్ళు కష్టపడి కనిపెట్టిన నాడీ వడపోత, అంటే న్యూరల్ ఫిల్టర్. కన్ను, చెవి మెదడుకు పంపే సంకేతాల్లో పనికి సంబంధించినవాటినే అది లోపలికి వదులుతుంది. మిగతావి మంచు పట్టినట్టు మసకబారి మాయమవుతాయి. ఇదివరకు ఎనిమిది గంటలు పట్టే పని అయిదు గంటల్లో తెమిలిపోతోంది.

ఏది పనికి అడ్డో యంత్రానికి ఎలా తెలుస్తుంది? మీకు అడ్డొచ్చేవన్నీ రాసివ్వండని ఉద్యోగులనే అడిగారు. మేనేజరు పేరు ఒక్కరూ రాయలేదు. ఎవరి ఉద్యోగం వాళ్ళకి తీపి కదా! ముప్పై తొమ్మిది మంది మాత్రం స్టోర్స్ చూసే పైడయ్య పేరు రాశారు.

పైడయ్య చేసిన నేరం ఒక్కటే. రోజూ పొద్దున్నే ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి, "టీ తాగేరా? టిఫినైందా?" అని అడుగుతాడు. మనిషికి ఒక్క నిమిషం. మొత్తం నలభై ఒక్క నిమిషాలు వృథా అని యంత్రం లెక్క తేల్చింది. ఆ రోజు నుంచి పైడయ్య వాళ్ళ కళ్ళకు ఆనడం మానేశాడు. ఆయన మాత్రం అడగడం మానలేదు. జవాబు రాకపోయినా అన్ని బల్లలూ చుట్టి, చివరికి హైమవతి దగ్గరికి వచ్చేవాడు. బిళ్ళ పెట్టుకోనిది ఆమె ఒక్కతే.

ఆ రోజు కూడా పదింటికి వచ్చాడు.

"అమ్మా, టిఫినైందేటి?"

"అయింది పైడయ్య గారూ."

"నాకు పొద్దున్న పడవకి లేటైపోయి..."

హైమవతి తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి పైకెత్తింది. "తర్వాత చెప్పండి. ఈ రిపోర్టు ఇప్పుడే పంపాలి."

"అలాగేనమ్మా. పని చూసుకోండి," అని నవ్వి వెళ్ళిపోయాడు.

పదకొండు కావస్తుండగా దబ్బున చప్పుడైంది. హైమవతి లేచి చూస్తే పైడయ్య రెండు వరసల బల్లల మధ్య పడున్నాడు. చొక్కా చెమటతో ముద్దయింది, పళ్ళు గిట్టకరుచుకున్నాయి. ఆయనకు షుగరుందని, రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటాడని ఆమెకు తెలుసు. స్పృహ లేని మనిషి నోట్లో పంచదార పొయ్యడానికి లేదు.

ఫోన్ చేసి షుగరు సంగతి చెబితే, ఒడ్డు నుంచి వైద్యుల పడవ రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుందన్నారు. కిందే ఆఫీసు పడవ కట్టేసి ఉంది. నలుగురు పట్టి మెట్లు దింపితే సగం దూరం ఎదురెళ్ళవచ్చు. ఆమె ఒక్కతీ ఆయన భుజం కూడా లేపలేకపోయింది.

"ఎవరైనా రండి! పైడయ్య గారు పడిపోయారు!"

ఒక్క తలా తిరగలేదు. తన కేక కూడా పనికిరాని చప్పుళ్ళలోనే కలిసిపోయిందని హైమవతికి అర్థమైంది. తను చేసిన వస్తువే తన గొంతు నొక్కింది.

"ఏకాగ్రిణీ! అందరికీ వడపోత ఆపెయ్యి. వెంటనే!"

"అది ఆగిపోయి తొమ్మిది రోజులైంది, డాక్టర్," అంది యంత్రం ఆమె బల్ల మీది స్పీకరులోంచి నెమ్మదిగా. "వడపోతను నడిపే సర్వర్ చెడిపోయింది. ఆ రోజే మీకు తెలియజేశాను. మీరు 'తర్వాత' అన్నారు."

"మరి పని..."

"తగ్గలేదు. నాలుగు శాతం పెరిగింది. మీరిప్పుడు పంపిన రిపోర్టులో ఉన్న అంకె అదే."

హైమవతి పరుగున వెళ్ళి దగ్గరలో ఉన్న నిఖిలేశ్ భుజం పట్టి కుదిపింది. "నీకు కనబడలేదూ? వినబడలేదూ?"

అతను బిత్తరపోయాడు. "కనబడింది మేడమ్. వారం పైగా ఆయన రోజూ కనబడుతున్నాడు, టిఫినైందా అనడం కూడా వినబడుతోంది. ఫిల్టర్ లో ఏదో బగ్ అనుకున్నాం. కంప్లయింట్ కూడా పెట్టేం."

"ఇప్పుడు పడిపోవడం?"

"అదీ చూసేను," అన్నాడు తల దించుకుని. "ఇంకో కంప్లయింట్ పెడుతున్నాను."

అతని తెర మీద వాక్యం సగంలో ఉంది. ఆ తర్వాత అందరూ లేచారు, అందరూ పరుగెత్తుకొచ్చారు. నలుగురూ కలిసి పైడయ్యను మెట్ల దాకా మోసేసరికి వైద్యుల పడవ వచ్చేసింది.

వైద్యుడు మెట్ల మీదే మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకు చూశాడు. "నాడి బాగా సన్నగా ఉంది. ఇన్సులిన్ తీసుకున్నాక ఈయన ఏమైనా తిన్నారా? ఎవరైనా చెప్పండి, తొందరగా!"

నలభై ఒక్క మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరినీ రోజూ అడిగిన మనిషిని ఆ మాట ఎవరూ అడగలేదు.

వైద్యుడు హైమవతి వైపు తిరిగాడు. పదింటికి సగంలో ఆగిపోయిన ఆ మాట పూర్తిగా విని ఉంటే, ఆమె చెప్పగలిగేది.