చింతపండు కుండలో ఉప్పు

పిచ్చమ్మ నాలుకంటే కోదాడలో ఆ వీధంతటికీ భయమే, మాటకే కాదు, రుచి చెప్పడానికి కూడా. ఆవకాయ పెట్టే రోజు పొద్దున్నే మామిడికాయ ముక్కలు తుడిచి ఆరబెట్టి, ఉప్పు తెమ్మని కోడలు అఖిలకు చెప్పింది. అఖిల కొట్టుగదిలోకి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చింది. నిరుడు వేసవిలో చినగంజాంలోని తన ఉప్పుమడి నుంచి అఖిల నాన్న మోసుకొచ్చిన కల్లుప్పు బస్తా అక్కడ లేదు.

“కొబ్బరిచెట్ల మొదట్ల పోసిన,” అంది పిచ్చమ్మ తొణక్కుండా. “తెచ్చిన్నాడే నోట్లేసుకుని సూసిన. చేదు. తడితడిగ ఉండె. పాకెట్ ఉప్పుకేమైంది?”

అఖిల అత్త ఎదుట కూర్చుని, గొంతు పెంచకుండానే చెప్పింది. సముద్రపు నీళ్లను మడి నుంచి మడికి మళ్లించి ఎండబెడతారు. నీళ్లు చిక్కబడితే ఉప్పు అడుగున పేరుకుంటుంది. మిగిలిన చేదు నీళ్లు వదిలేసి, ఉప్పును గట్టు మీదికి లాగి కుప్ప పోస్తారు. అయినా కొత్త ఉప్పుకు కాస్త చేదు అంటుకునే ఉంటుంది; ఏడాది నిలవుంచితే చెమ్మతోపాటు అదీ కారిపోతుంది. ఈ ఏటి ఆవకాయకని నాన్న నిరుడే తెచ్చింది అందుకే.

“ఇక తేలేడత్తయ్యా. మోకాళ్లు పోయి మడి వదిలేశాడు. అదే ఆఖరి బస్తా.”

ముందే చెప్పొద్దా అని పిచ్చమ్మ కసురుకోబోయింది. పారబోసేముందు అడగనిది తనేనని గుర్తొచ్చింది. లేచి చింతపండు కుండ దించింది. నిరుడు బస్తా చెట్లకు పోసేముందు, చింతపండులో చేదు తెలియదులే అని, పురుగు పట్టకుండా రెండు దోసిళ్లు అందులో చల్లి ఉంచింది. గోధుమ రంగుకు తిరిగిన ఆ ఉప్పు పలుకులను ఇప్పుడు ఒక్కొక్కటే ఏరి, ఒకటి నోట్లో వేసుకుంది. పులుపు తర్వాత ఉప్పు తగిలింది. చేదు లేదు.

“మంచిగుంది,” అని ఒప్పుకుంది. ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేని పని. “ఆవకాయల గీ ఉప్పు వేరని తెలుస్తదా?”

“పలుకు నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. కరిగిపోయాక నాకూ తెలీదు, నాన్నకూ తెలీదు,” అంది అఖిల కళ్లు తుడుచుకుంటూ.

ఏరిన ఉప్పు సోలెడు కూడా లేదు. దానికి సరిపడా ముక్కలు తీసి, పిచ్చమ్మ ముందుగా ఒక చిన్న జాడీలో ఆవకాయ కలిపింది. మూతికి గుడ్డ కట్టి కోడలి ముందు పెట్టింది.

“మూడోనాడు తిరగగలిపి మీ ఊరికి పోదాం. మీ నాయినకు తెల్వకపోతే నేనే చెప్త, గిది మీ ఉప్పేనని. చెట్లకు పోసింది గూడ నేనే చెప్త.”

అఖిల ఆ జాడీని ఒళ్లోకి తీసుకుంది.