తెరిస్తే చెల్లదు

“తెరిస్తే చెల్లదని కవరు మీద అంత పెద్ద అక్షరాలతో రాశాం కదండీ. కనబడలేదా?”

“నాకు కనబడిందండీ. మా నాన్నకే కనబడలేదు.”

కాలేజీ రికార్డుల సెక్షన్, నాలుగో కౌంటర్. అద్దానికి లోపల కూర్చున్నవాడికి ఇరవయ్యేడేళ్ళు. అందరూ అతణ్ణి సీలు సారు అంటారు. విదేశాల్లో చదవబోయేవాళ్ళ మార్కుల జాబితాలు కవర్లో పెట్టి, అంటించి, అంటించిన చోట అడ్డంగా సీలు వెయ్యడం అతని పని. ఆ సీలు చెదరకుండా కవరు అక్కడి యూనివర్సిటీకి చేరాలి. మధ్యలో సాక్షాత్తూ దేవుడు తెరిచినా చెల్లదు.

అద్దానికి బయట నిలబడ్డ అమ్మాయి చేతిలో కవరు నోరు తెరుచుకుని ఉంది. ఆమె మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది, మట్టి గురించే పై చదువుకి అప్లై చేస్తోంది. చెప్పుల నిండా ఎర్రమట్టే. సీలు సారు మనసులో అప్పుడే పేరు పెట్టేశాడు, మట్టి మేడం అని.

“మీ నాన్నగారు ఎందుకు తెరిచారు?”

“ఆయన వాచీలు బాగుచేస్తారండీ. మూసున్నది ఏది కనబడ్డా మూత తీసి చూడకపోతే ఆయనకి అన్నం సహించదు.”

నవ్వొచ్చింది గానీ, కుర్చీలో ఉన్నవాడు నవ్వకూడదని ఆపుకున్నాడు. “మళ్ళీ అప్లికేషన్ పెట్టండి. వారం పడుతుంది.”

“వారమా! సీలు వేస్తారా, శిల్పం చెక్కుతారా?”

పక్క టేబుల్ దగ్గర సూపరింటెండెంట్ మేడం కిసుక్కుమంది. పాతికేళ్ళ సర్వీసులో ఆవిడ అలా నవ్వడం అరుదు.

వారం తర్వాత మట్టి మేడం కొత్త కవరు పట్టుకెళ్ళింది. మూడో రోజుకి మళ్ళీ ప్రత్యక్షం. కవరు మళ్ళీ చిరిగి ఉంది.

“ఒట్టు, ఈసారి నాన్న కాదు. కొరియర్ ఆఫీసులో. లోపల ఏముందో చూపిస్తే గానీ తీసుకోం అన్నారు.”

“చూపించేశారా?”

“మరేం చెయ్యను? దొంగలా చూశారు నన్ను.”

“నాకు ఫోన్ చెయ్యాల్సింది!”

“మీ నంబర్ నా దగ్గర ఎక్కడుందండీ?”

అదీ నిజమే. సీలు సారు ఒక చీటీ మీద నంబర్ రాసి అద్దం కింద నుంచి తోశాడు. సూపరింటెండెంట్ మేడానికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

ఆ మూడో కవరు కోసం మట్టి మేడం రోజూ వచ్చేది. ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం, బెంచీ మీద కూర్చుని తన అప్లికేషన్ వ్యాసం దిద్దుకోవడం. ఒకరోజు దాన్ని అద్దం కింద నుంచి లోపలికి తోసింది.

“ఎలా ఉందో చెప్పండి. మొహమాటం వద్దు.”

చదివాడు. “‘చిన్నప్పటి నుంచీ నాకు’ అని మొదలుపెట్టినవాళ్ళు ఈ నెలలో మీతో పన్నెండు మంది.”

ఆమె మొహం చిన్నబోయింది. అయినా కాగితం తీసుకుని వెళ్ళి, మర్నాడు కొత్తది తెచ్చింది. ఒక రైతు గుప్పెడు మట్టి పొట్లం కట్టి తెచ్చి, ‘దీనికేం జబ్బో చెప్పు తల్లీ’ అని అడిగిన రోజు గురించి రాసింది. ఆ జబ్బేమిటో ఆ రోజు తనకి తెలియలేదనీ, అందుకే చదువుకోవాలనుకుంటున్నాననీ రాసింది.

సీలు సారు అది రెండుసార్లు చదివాడు. రెండోసారి అవసరం లేదు. ఆ పూట ఇంటికి వెళ్తూ తన బస్సు కాని బస్సు ఎక్కేశాడు. ప్రేమలో పడ్డానని అతనికి తెలిసింది అప్పుడే.

తెలిస్తే మాత్రం ఏం లాభం? కవరు సిద్ధమైతే ఆమె ఇక రాదు. నోటితో చెప్పే ధైర్యం లేదు. అందుకని ఒక ఉత్తరం రాసి, కవర్లో పెట్టి ఉంచుకున్నాడు. వానలో తడుస్తూ ఆమె వచ్చిన రోజు రెండు కవర్లూ చేతికిచ్చాడు.

“ఇది యూనివర్సిటీకి. ఇదేమో...”

అప్పుడే లోపలి నుంచి పిలుపు వచ్చింది. లేచి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆమె తలుపు దగ్గరుంది.

“రెండూ ప్రాణంలా చూసుకుంటానండీ!” అని చేయి ఊపి వెళ్ళిపోయింది.

ఆ పొంగులో అతనికి ఒక సంగతి తట్టలేదు. ఆరేళ్ళ అలవాటు చేతుల్లో ఉండిపోయింది. ప్రేమలేఖ కవరు మీద కూడా అడ్డంగా సీలు వేసేశాడు.

పద్దెనిమిది రోజులు ఫోన్ చూసుకుంటూ గడిపాడు. పంతొమ్మిదో రోజు ఆమె హడావిడిగా వచ్చింది, చేతిలో ఒక ప్రింటు కాగితంతో.

“చూడండీ, యూనివర్సిటీ వాళ్ళు ఏమంటున్నారో! మీ కాలేజీ సీలుతో రెండు కవర్లు అందాయి. ఒకదాంట్లో మార్కులున్నాయి. రెండో దాంట్లో చేత్తో రాసిన కాగితం మాకు తెలియని భాషలో ఉంది. దానికి సర్టిఫై చేసిన అనువాదం పంపితే తప్ప ఫైలు ముందుకి కదలదట. శుక్రవారమే గడువు. ఏముందండీ అందులో? ప్రాక్టికల్స్ మార్కులా?”

సీలు సారు మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

“మీరు... తెరవలేదా?”

“రెండుసార్లు తిట్లు తిన్నాక కూడానా? నాన్నని ఆ గదిలోకే రానివ్వలేదు, కొరియర్ వాళ్ళని కూడా మార్చి రెండూ అలాగే పంపేశాను!”

చెప్పకపోతే ఆమె సీటు పోతుంది. చెప్తే ఆఫీసు సీలు సొంతానికి వాడినందుకు తన ఉద్యోగానికే ఎసరు. ఎదురుగా ఆమె కంగారు చూశాక ఇక ఆలోచించలేదు.

“అది మార్కుల కాగితం కాదండీ. ఉత్తరం. నేను మీకు రాసింది.”

టకటకమంటున్న సూపరింటెండెంట్ మేడం కీబోర్డు ఆగిపోయింది.

“నాకా?” అంది మట్టి మేడం. “ఏం రాశారు?”

“ఇప్పుడు నా దగ్గర లేదు కదండీ.”

“రాసినవాళ్ళకి గుర్తుండదా?”

గుర్తుంది, అక్షరం పొల్లు పోకుండా. బల్ల మీది ఇంకు ప్యాడ్ వైపు చూస్తూ చెప్పాడు. “మీరు వెళ్ళాలి. వద్దనడానికి రాయట్లేదు. మీ కవరు చిరిగిన ప్రతిసారీ పైకి విసుక్కున్నాను, లోపల సంతోషపడ్డాను. ఇదే ఆఖరి కవరు. ఇక మీరు రారంటే నాకు బాధగా ఉంది. మీరంటే నాకు ఇష్టం.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు కాగితాన్ని అటూ ఇటూ మడిచింది.

“ఇదంతా ఇంగ్లీషులో రాసి పంపాలా ఇప్పుడు?”

“అక్కర్లేదమ్మా!” సూపరింటెండెంట్ మేడం లేచి వచ్చింది. ముందు సీలు తీసి తన సొరుగులో పెట్టి తాళం వేసింది. “ఆరేళ్ళుగా ఒక్క తప్పు లేదు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నా. రాయి బాబూ. రెండో కవరు పొరపాటున చేరిన వ్యక్తిగత ఉత్తరం. విద్యార్థిని చదువుతో దానికి సంబంధం లేదు. కింద నేను సంతకం పెడతా.”

ఆ కాగితం ఆ పూటే వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ మట్టి మేడం అద్దం దగ్గర ఆగింది.

“జవాబు సీటు వచ్చాక చెప్తాను. ముందు చెప్తే రెండూ పాడవుతాయేమోనని భయం.”

నెలన్నర. ఈ నెలన్నరలో సీలు సారు చిక్కి సగమయ్యాడని అతని తల్లి అంది. అంత లేదు గానీ, కొంచెం నిజమే.

ఒక మధ్యాహ్నం మట్టి మేడం వచ్చింది. సీటు వచ్చింది, వచ్చే నెలే ప్రయాణం, రెండేళ్ళ చదువు. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పి, అద్దం కింద నుంచి ఒక కవరు తోసింది.

“మీకే. రెండేళ్ళ తర్వాత తెరవాలి.” అతను నోరు తెరిచేలోపే వెళ్ళిపోయింది.

కవరు మీద, ‘ముందే తెరిస్తే చెల్లదు’ అని ఉంది. అంటించిన చోట సీలు లేదు. అడ్డంగా రెండు సంతకాలు ఉన్నాయి. ఒకటి ఆమెది. రెండోది గొలుసుకట్టుగా, సన్నగా. కింద ‘తండ్రి’ అని రాసుంది.

అంటే ఆయనకి తెలుసు!

కవరు సొరుగులో పెట్టాడు, మళ్ళీ తీశాడు. రెండేళ్ళంటే ఎన్ని రోజులో లెక్కపెట్టబోయి మానేశాడు. ఆరేళ్ళలో ఎన్ని వేల కవర్లు మూశాడో! ఎవరైనా తెరిస్తే ఎంత కసిరాడో! సరిగ్గా రెండు నిమిషాలు ఆగి, చించేశాడు.

‘తెరుస్తారని తెలుసు. ఇది మాత్రం తెరిస్తేనే చెల్లుతుంది. నాకూ మీరంటే ఇష్టం. రెండేళ్ళు ఆగుతారా? మెట్ల దగ్గరున్నాం, వచ్చి చెప్పండి.’

‘కౌంటర్ మూసివేయబడింది’ బోర్డు తిప్పి పరిగెత్తాడు. వెనక నుంచి సూపరింటెండెంట్ మేడం, “లంచ్ టైం ఇంకా కాలేదయ్యా!” అంటూనే ఉంది.

మెట్ల కింద మట్టి మేడం తల వంచుకుని నవ్వుతోంది. పక్కన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న ఒక పెద్దాయన చేతి వాచీ చూసుకుంటున్నాడు.

“ఆగుతానండీ,” అన్నాడు సీలు సారు ఆయాసపడుతూ, ఆమెతోనో ఆయనతోనో తెలియకుండా. “ఎన్నేళ్ళైనా.”

“మూడు నిమిషాలు కూడా ఆగలేదు కదయ్యా!” పెద్దాయన వాచీ చూపించి అతని భుజం తట్టాడు. “మూసున్నదాన్ని చూస్తూ కూర్చోడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసిందా బాబూ?”