మూతపడ్డ బంకు దగ్గర తలుపుల చప్పుడు

ఊళ్లోకి వచ్చే దారిలో, వంతెనకి కాస్త ఇవతల, మలుపులో ఒక పెట్రోలు బంకు ఉంది. మూతపడి చాలా కాలమైంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు.

ఏం కనిపిస్తుందంటే — ఒక కారు ఆగి ఉంటుంది. లైట్లుండవు. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉంటాయి... లోపల మనిషుండడు. కాసేపటికి ధడేల్, ధడేల్‌మని తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఆడమనిషి ఏడుపు వినపడిందని ఒట్టేసి చెప్పినవాళ్లూ ఉన్నారు. విన్నది విన్నట్టు చెప్పడమే మన పని.

టీచరమ్మకి ఈ సంగతి చెప్పింది, మేడ మీద వాటా అద్దెకిచ్చిన ఓనరమ్మ. "రాత్రిపూట ఆ బంకు దగ్గర ఆగకండమ్మా. మా ఆయన ఒకసారి చూసి జ్వరం తెచ్చుకున్నాడు."

మన దేశం వదిలి ఆ పరాయి ఊరొచ్చిన టీచరమ్మ, ఆ మేడ మీదే కూర్చుని, ఎక్కడెక్కడి దేశాల పిల్లలకో కంప్యూటర్లో లెక్కలు చెప్తుంది. ఆవిడ మొగుడిదీ కంప్యూటర్ పనే. దేశాలు తిరిగే వాళ్లకి వీడియోల్లో సలహాలిస్తాడు. అందుకే అందరూ గైడు అంటారు. "పరాయి దేశంలో బండి నడపాలంటే మన లైసెన్సూ ఉండాలి, ఇంటర్నేషనల్ పర్మిటూ ఉండాలి. గడువు దాటితే అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. చట్టం చట్టమే ఫ్రెండ్స్!" అని వేలు ఊపుతూ చెప్తాడు. ఆ వీడియో తీసేనాటికే ఆయనగారి పర్మిటు గడువు దాటి నెలలైంది. సిగ్గన్నది ఏ కోశానా లేదు.

టీచరమ్మ మాత్రం క్లాసులకి వెళ్లి, ఒకసారి తప్పి, రెండోసారి పాసై, అక్కడి లైసెన్సు తెచ్చుకుంది. గైడు పగలబడి నవ్వాడు. నవ్వి, తాళాలు తనే ఉంచుకున్నాడు. ఆవిడ నడిపితే ఆయనకి కడుపులో తిప్పుతుందట.

ఆ రాత్రి బయట భోంచేసి వస్తున్నారు. గైడు చెప్పులు విప్పి వెనక్కి విసిరేసి, ఒట్టి కాలితో తొక్కుతూ, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నడుపుతున్నాడు. బేకరీ మలుపులో — ఫట్‌మంది. నిలబెట్టి ఉన్న బైకు ఎగిరి పడింది. వెనక ఎవరో అరిచారు.

"ఆపండి!"

"బండి మీద ఎవరూ లేరులే." ఆపలేదు. మళ్లీ పళ్లు కుట్టుకోవడం మొదలెట్టాడు.

దూరంగా వంతెన మీద నీలం దీపాలు తిరుగుతున్నాయి. పోలీసులు... గైడు కారుని గబుక్కున పక్కకి తిప్పాడు. లైట్లార్పేశాడు.

అది ఆ బంకే.

"ఇక్కడెందుకు ఆపారు?" గుసగుసగా అడిగింది.

"ష్... దిగి ఇటొచ్చి కూర్చో. నడిపింది నువ్వే. ఆ బైకుని గుద్దిందీ నువ్వే. అర్థమైందా?"

"నేనా!"

"నీకు లైసెన్సుంది కదే. నేను దొరికితే నా వీడియోలు ఎవడు చూస్తాడు?"

గుద్ది పారిపోయిందని పోలీసులు రాస్తే ఆవిడ లైసెన్సు పోతుంది. దాంతోపాటు ఆ దేశంలో ఉండే అనుమతీ పోతుంది. అది తెలిసే అడుగుతున్నాడు. పక్కన కూర్చున్న మనిషిని చూస్తే టీచరమ్మకి ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది.

కిర్ర్‌ర్... తలుపు తెరుచుకుంది.

తమ కారుది కాదు.

పాత పంపుల వెనక ఏదో తెల్లగా కదిలింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు... ఆడమనిషిదే. గైడు చెమట చేత్తో టీచరమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు... నువ్వెళ్లి చూడు."

ఆవిడకి భయం వేసింది. అయినా దిగింది. ఆ చెయ్యి కంటే దెయ్యమే నయమనిపించింది.

ఫోన్ లైటు ముందు నేల మీదకి వేసింది — పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. తిన్నగానే ఉన్నాయి. రబ్బరు చెప్పులు. తెగిన పట్టీకి పిన్నీసు. రోజూ తమ మెట్ల కింద కనిపించే చెప్పులే!

"ఓనరమ్మా!"

"ష్... మెల్లిగా తల్లీ!" తెల్ల కోటు వేసుకున్న ఓనరమ్మ కళ్లు తుడుచుకుంది. వెనకున్న కారు దిగి ఆవిడ మొగుడు, అవతలి సీటు వైపు తూలుతూ నడుస్తూ గొణుక్కుంటున్నాడు. సారా వాసన ఇక్కడిదాకా కొట్టింది. "తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నాడు. వంతెన మీద పోలీసులున్న ప్రతి రాత్రీ ఇక్కడ దిగి సీట్లు మారతాం."

"మరి దెయ్యం?"

"నేనే పుట్టించా, ఎవరూ ఇటు రాకూడదని." ఓనరమ్మ చీకట్లో ఉన్న రెండో కారు వైపు చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. "ఆయన గుద్దినవి కూడా నా మీదే వేసుకున్నానమ్మా. మొదటిసారే కష్టం... తర్వాత అలవాటైపోతుంది."

అసలు వణుకు టీచరమ్మకి అప్పుడు పుట్టింది.

గబగబా తమ కారు దగ్గరికి వచ్చింది. గైడు అప్పటికే దిగి, కంకర గుచ్చుకుంటుంటే గెంతుకుంటూ అవతలి వైపుకి వెళ్తున్నాడు. టీచరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన చెయ్యి తలుపు మీద పడేలోపు —

టక్.

"తలుపు తియ్యి... ఏయ్... తలుపు తియ్యవే..." అద్దం మీద రెండు అరచేతులు, తెల్లగా.

ఆవిడ కారు ముందుకి పోనిచ్చింది. మలుపు తిరుగుతూ అద్దంలో చూస్తే, వెనకే ఓనరమ్మ కారు వస్తోంది. అందులో ఒక్కరే ఉన్నారు.

వంతెన దగ్గర పోలీసు లైసెన్సు చూశాడు. సొట్టపడ్డ బంపరు చూశాడు. "బేకరీ దగ్గర బైకుని గుద్దింది మీరేనా?"

"కారు ఇదే. నడిపింది నేను కాదు. నడిపినాయన మూతపడ్డ బంకు దగ్గరున్నాడు."

పోలీసు బంకు వైపు బెదురుగా చూశాడు. "ఈ వేళప్పుడు అక్కడికా? అక్కడ ఆడదెయ్యం ఉందంటారు కదండీ!"

వెనక కార్లో ఓనరమ్మ అద్దం దించుతోంది. ముక్కు ఎగబీల్చడం మానేసింది.

"ఆడదెయ్యం వెళ్లిపోయింది," అంది టీచరమ్మ. "ఇప్పుడున్నవి మగవి. రెండు."